సోడియం గీత పక్కన

19-2-2025, బుధవారం, మనలి

క్యాంటీన్‌లో ఇవాళ ఎవరూ ఇంక్రిమెంట్ల ఊసెత్తలేదు. అందరి నోటా ఒకటే రాయి. "మేడమ్, 2032లో వచ్చి గుద్దేస్తుందంటగా! నా హౌసింగ్ లోను అప్పటికీ తీరదు. ఇక కట్టడం మానెయ్యనా?" అని ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్ కుర్రాడు. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు ఆకాశం లెక్కలు కూడా వచ్చి ఉండాలని వీళ్ల నమ్మకం.

రాయి పేరు 2024 వైఆర్4. డిసెంబర్ 27న చిలీలో ఉన్న అట్లాస్ సర్వే టెలిస్కోపుకు చిక్కింది. 2032 డిసెంబర్ 22న అది భూమిని తాకే అవకాశం 3.1 శాతమని నిన్న నాసా లెక్క వేసింది. ఇంత సైజు రాళ్లలో ఇప్పటిదాకా దేనికీ అంత శాతం రాలేదు. 2004లో అపోఫిస్ అనే రాయికి 2.7 దాకా ఎక్కి, తర్వాత దిగిపోయింది.

ఆ శాతం రాయి గుణం కాదని, దాని దారి గురించి మనకు తెలియనితనం కొలతని చెప్పాను. కొత్త రాయిని కొద్ది రోజులే చూస్తాం కాబట్టి, 2032లో అది ఎక్కడ ఉంటుందో ఒక పొడుగాటి పట్టీలా మాత్రమే చెప్పగలం. ఆ పట్టీలో ఒక మూల భూమి ఉంటుంది. చూసేకొద్దీ పట్టీ కురచవుతుంది. భూమి ఇంకా అందులోనే ఉన్నన్నాళ్లూ శాతం పెరుగుతుంది. పట్టీ అంచు భూమిని దాటిన రోజున ఒక్కసారిగా పడిపోతుంది. "అంటే ఈఎంఐ కట్టాల్సిందేనన్నమాట," అన్నాడు కుర్రాడు దిగాలుగా.

25-2-2025, మంగళవారం

0.004 శాతానికి దిగింది. క్యాంటీన్‌లో ఒక్కరూ అడగలేదు.

23-3-2025, ఆదివారం

నుంగంబాక్కం వెళ్లి మద్రాసు అబ్జర్వేటరీ స్తంభం చూశాం. వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. మనలి నుంచి బస్సులు మారి వెళ్లేసరికి ఎండ నెత్తికెక్కింది. నిలువెత్తు గ్రానైటు రాయి, దాని మీద 1792 అన్న సంవత్సరం, కట్టించిన మైకేల్ టాపింగ్ పేరు. ఒకప్పుడు టెలిస్కోపు దీని మీదే నిలబడింది. శాసనం లాటిన్‌లోనే కాక తమిళంలోనూ తెలుగులోనూ కూడా చెక్కించారు. అక్షరాలు అరిగిపోయాయి. వేలితో తడుముతూ కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది. చెన్నైలో తెలుగు బోర్డు కనబడటమే గగనమైపోయిన ఈ రోజుల్లో, నక్షత్రాల కోసం పాతిన రాయి మీద మన అక్షరాలు కనబడితే కాసేపు అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

మాతో వచ్చిన మా పై వాటా వాళ్ల అమ్మాయికి మాత్రం ఈ రాయి అంతగా ఆనలేదు. తొమ్మిదో తరగతి, నోరు తెరిస్తే ప్రశ్నే. "ఆంటీ, ఇక్కణ్ణుంచి ఏం కనిపెట్టారు?" అంది. కనిపెట్టడం కంటే ముందు ఇక్కడ లెక్కపెట్టారని చెప్పాను. టేలర్ అనే ఆయన ఇక్కడే కూర్చుని 11,015 నక్షత్రాల స్థానాలు కొలిచి 1840ల్లో జాబితా అచ్చు వేయించాడు. ఒక్కొక్క చుక్కా మధ్యాహ్నరేఖ దాటే క్షణం కోసం కాచుకుని, గడియారం టిక్కులు వింటూ రాసుకోవడమే పని. అందులో కథ లేదు కాబట్టి పాఠ్యపుస్తకాల్లో లేదు. కథ ఉన్న పనులన్నీ మాత్రం ఆ జాబితాల మీదే నిలబడ్డాయి.

17-4-2025, గురువారం

1861లో ఇదే తేదీన మద్రాసులో నార్మన్ పోగ్సన్ ఒక గ్రహశకలాన్ని పట్టాడు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొట్టమొదటిది అదే, అందుకే దాని పేరే ఆసియా. వరుసలో 67వది. ఆయన ఈ ఊరికి వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. తర్వాత 1864లో శాఫో, 1866లో సిల్వియా, 1868లో కమిలా, 1885లో వెరా. ఇరవై నాలుగేళ్లలో అయిదు.

అప్పటి పద్ధతి తలచుకుంటేనే నా కళ్లు లాగుతాయి. పటం ఒక చేత, టెలిస్కోపు ముందు. పటంలో ఉన్న చుక్కలు ఆకాశంలో ఉన్నాయా, ఆకాశంలో ఉన్నవి పటంలో ఉన్నాయా అని ఒక్కొక్కటీ సరిచూడాలి. లేనిది కనబడితే మర్నాడు మళ్లీ చూడాలి. జరిగితే గ్రహశకలం, జరక్కపోతే పటం గీసినవాడి తప్పు. మర్నాడు మబ్బు పట్టిందంటే అంతే సంగతులు. మద్రాసులో మబ్బు ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు?

పోగ్సన్ అసిస్టెంటు చింతామణి రఘునాథాచారి. పంచాంగాలు కట్టే కుటుంబం నుంచి వచ్చినవాడు. 1867లో రెటిక్యులం అనే దక్షిణాది రాశిలో ఒక నక్షత్రం వెలుగు మారుతోందని పట్టాడు. దాని పేరు ఆర్ రెటిక్యులి. ఆ రాశి మద్రాసు నుంచి ఎంత పైకెక్కినా దక్షిణపు దిగంతానికి జానెడు పైనే. సముద్రపు మసకలో, అంత కిందికి వంగి చూసి, ఆ చుక్క మునుపటి కంటే మసకబారిందని చెప్పడానికి కన్నొక్కటే చాలదు, గుర్తుండాలి కూడా. దాని వెలుగు దాదాపు తొమ్మిది నెలలకోసారి ఒక చుట్టు తిరుగుతుంది.

పోగ్సన్ కూతురు ఇసిస్ కూడా తండ్రికి సహాయకురాలిగా ఇక్కడే ఏళ్ల తరబడి పనిచేసింది. 1886లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఆమె పేరు ప్రతిపాదిస్తే, ఆడవాళ్లకు నిబంధనలు ఒప్పుకోవన్నారు. 1920లో గానీ సభ్యత్వం రాలేదు. ముప్పై నాలుగేళ్లు! మా ల్యాబ్‌లో నేను చేరినప్పుడు లేడీస్ టాయిలెట్ కట్టించడానికి పట్టిన కాలం దీనితో పోలిస్తే ఏపాటిది.

8-5-2025, గురువారం

ఫ్లేమ్ ఫోటోమీటర్ బ్లాంక్ మళ్లీ ఎక్కుతోంది. పొద్దున పదకొండింటి దాకా బుద్ధిగా సున్నా దగ్గరే ఉంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేసరికి కదలడం మొదలుపెట్టింది. కిటికీ సందుల్లోంచి ఎన్నూరు వైపు గాలి, అందులో ఉప్పు. మంట అంచున పసుపు జీర. శాంపుల్ పెట్టకుండానే సోడియం ఉందంటుంది యంత్రం. అది అబద్ధమాడటం లేదు, నిజంగానే ఉంది. వేలి చెమటలో ఉంది, గ్లాసువేరులో ఉంది, గాలిలో ఉంది. బాయిలర్ నీళ్లలో ఎంత ఉందో మాత్రం ఇప్పుడు చెప్పలేను. తలుపులు బిగించి, బీకర్లు డీఐ వాటర్‌తో మళ్లీ కడిగించి, స్టాండర్డ్స్ మొదటి నుంచి పోయించాను.

1859-60లో హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ కూడా సోడియంతో ఇదే తంటా పడ్డారు. ఏం చేసినా పసుపు గీత పోయేది కాదు. కానీ వాళ్లు దాన్ని తిట్టుకుంటూ కూర్చోలేదు. మూలకానికో గీతల వరస ఉంటుందని, మనిషికి వేలిముద్ర ఉన్నట్టు, ఆ గీతను చూసి ఆ మూలకం ఉందని చెప్పెయ్యవచ్చని తేల్చారు.

నా టేబుల్ మీద రెండు యంత్రాలు పక్కపక్కన ఉన్నాయి. ఫ్లేమ్ ఫోటోమీటర్‌లో సోడియం మంటలో వేడెక్కి పసుపు వెలుగు విసురుతుంది, ఎంత వెలిగితే అంత సోడియం. రెండో యంత్రమైన ఏఏఎస్‌లో ఆ వెలుగునే ఒక దీపం నుంచి మంటలోకి పంపితే, మంటలోని సోడియం దాన్ని మింగుతుంది, ఎంత మింగితే అంత సోడియం. ఒకచోట వెలుగు గీత, ఒకచోట చీకటి గీత, రెండూ 589 నానోమీటర్ల దగ్గరే. 1814లో ఫ్రాన్‌హోఫర్ సూర్యకాంతిలో చూసి 'డి' అని పేరు పెట్టిన నల్లగీత ఈ రెండో రకం. సూర్యుడి లోపలి వెలుగును పైపొరలోని సోడియం మింగిన గుర్తు. నెల జీతానికి నేను ఇక్కడ చేసే పని, నక్షత్రాల మీద వాళ్లు చేసే పని ఒకటే. తేడా ఒక్కటే, వాళ్లకు శాంపుల్ చేతికి రాదు.

18-5-2025, ఆదివారం

పై వాటా అమ్మాయికి వేసవి సెలవులు. పాత డీవీడీతో స్పెక్ట్రోస్కోపు చేశాం. చెప్పుల అట్టపెట్టె, లోపల నల్ల చార్టు అతికించాం. ఒక పక్క చీలిక, మరో పక్క వాలుగా డీవీడీ ముక్క. చీలిక కోసం మొదట అట్టనే కోసింది, అంచులు పీచుపీచుగా వచ్చాయి, రంగులన్నీ అలుక్కుపోయాయి. తర్వాత షేవింగ్ బ్లేడు రెండుగా విరిచి, రెండు అంచులూ ఎదురెదురుగా వెంట్రుకవాసి ఎడంతో టేపు వేసి అంటించాను. అప్పుడు కుదిరింది. డీవీడీ మీద గాడికీ గాడికీ మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుకు 1,350 గీతలు. పూర్వం ఇలాంటి గ్రేటింగ్ కోసం ఎంత తపస్సు చేశారో పాపం. మన ఇంట్లో ఇది పాత పెళ్లి వీడియో.

తెల్ల గోడ మీద పడ్డ ఎండను చూస్తే, రంగుల పట్టీలో సన్నటి నల్లగీతలు. పసుపులో డి, ఆకుపచ్చలో మెగ్నీషియం, నీలం మొదట్లో హైడ్రోజన్. అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసింది. కన్ను తియ్యదు, నాకివ్వదు.

రాత్రి డాబా మీదికెక్కాం. మనలి ఆకాశంలో చుక్కలు వెతుక్కోవాలి. రిఫైనరీ ఫ్లేరు, ట్యాంకు ఫారం దీపాలు, పోర్టుకు పోయే కంటెయినర్ లారీల లైట్లు, అన్నీ కలిసి ఆకాశాన్ని ఎప్పుడూ టీ రంగులో ఉంచుతాయి. పెట్టెను మాత్రం ఇవేమీ అడ్డుకోలేదు. ఎల్ఈడీ వీధి దీపం వైపు తిప్పితే గీతలు లేని రంగుల పట్టీ. వాళ్లింటి ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఆకుపచ్చ గీత, 546 దగ్గర. కాంపౌండు మూల ఇంకా మార్చని పాత సోడియం దీపంలో విచిత్రం: పసుపు వెడల్పుగా పరుచుకుని, సరిగ్గా నడిమధ్య నల్లటి పాయ. దీపం లోపలి వేడి సోడియం వెలిగిస్తుంటే, గొట్టం గోడ దగ్గరి చల్లటి సోడియం అక్కడ మింగుతోంది. పొద్దున సూర్యుడిలో చూసిందే ఇప్పుడు కరెంటు స్తంభం మీద. "ఆంటీ, లైట్లో కూడా సూర్యుడున్నాడా!" అంది. ఫ్లేరు మంటలో ఏ గీతా విడిగా కనబడలేదు, మసి వెలుగుకు అంతా పట్టీయే.

24-6-2025, మంగళవారం

నిన్న రాత్రి చిలీలో వెరా రూబిన్ అబ్జర్వేటరీ మొదటి చిత్రాలు విడుదల చేశారు. 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరా. పది గంటల పరిశీలనలోనే 2,104 కొత్త గ్రహశకలాలు పట్టింది. వాటిలో ఏడు భూమికి దగ్గరగా తిరిగేవి. ఏదీ ప్రమాదం కాదట.

పోగ్సన్‌కు మద్రాసులో అయిదు పట్టడానికి ఇరవై నాలుగేళ్లు. పోలిక న్యాయం కాదని తెలుసు, అయినా మనసు ఊరుకోదు. ఈ రోజు లెక్కలో గ్రహశకలాలు 14 లక్షలు దాటాయి. రూబిన్ పదేళ్లు పనిచేసేసరికి వాటిని మూడు రెట్లకు పైగా చేస్తుందని అంచనా. ఆరు రంగుల ఫిల్టర్లతో కొద్ది రోజులకోసారి దక్షిణాకాశం మొత్తం తిరిగి తిరిగి తీస్తూ పోతుంది. చార్టు పట్టుకుని చుక్కలు సరిచూసే పని ఇప్పుడు కంప్యూటరుది.

అయితే దొరకడం వేరు, అదేమిటో తెలియడం వేరు. గ్రహశకలానికి సొంత వెలుగు లేదు. దాని మీద పడి వచ్చేదంతా ఎండే. కాబట్టి దాని స్పెక్ట్రం తీస్తే సగానికి సగం సూర్యుడి కథే కనబడుతుంది. అందుకని సూర్యుడి లాంటి నక్షత్రం స్పెక్ట్రం కూడా ఆ రాత్రే తీసి, దానితో భాగిస్తారు. మిగిలింది రాయిది. నేను రోజూ బ్లాంక్ తీసేసేది ఇందుకే. ఆ మిగిలిన వంపులో ఒక మైక్రాన్ దగ్గర లోయ ఉంటే ఆలివీన్, పైరాక్సీన్ ఖనిజాలున్న ఎస్ రకం. ఏ వంపూ లేక చదునుగా, బొగ్గులా నల్లగా ఉంటే కర్బనపు సి రకం. వెస్టా అనే గ్రహశకలం మీద ఇలా చూసే 1970లో దాని పైపొర చల్లారిన లావా అని, భూమి మీద దొరికిన ఒక జాతి ఉల్కలతో సరిపోతుందని చెప్పారు. డాన్ నౌక అక్కడికి వెళ్లింది 2011లో. వెళ్లి చూస్తే అదే.

ప్రతి రాయికీ స్పెక్ట్రం తీసే ఓపిక ఏ టెలిస్కోపుకూ లేదు. అక్కడే సర్వేలు పనికొస్తాయి. స్లోన్ సర్వే అయిదు ఫిల్టర్లలో వేల వేల గ్రహశకలాల రంగులు కొలిచింది. గయా నౌక 2022లో 60,518 గ్రహశకలాలకు ముతక స్పెక్ట్రాలు ఇచ్చింది. సన్నం ఒకటి తీయడమా, ముతకవి అరవై వేలు తీయడమా? ల్యాబ్‌లో కూడా ఇదే తగువు. మేనేజరు ఎప్పుడూ అరవై వేల పక్షమే. గ్రహశకలాల విషయంలో నేనూ ఆయన పక్షమే.

మద్రాసు గ్రహశకలాల్లో నాకు ఇష్టమైనది సిల్వియా. 2001లో దానికో చందమామ దొరికింది, 2005లో మరొకటి ప్రకటించారు. రెండు చందమామలున్న గ్రహశకలంగా తెలిసిన మొదటిది అదే. పేర్లు రోములస్, రీమస్. కమిలాకు కూడా రెండున్నాయి. పోగ్సన్ కంటికి అవి ఒట్టి చుక్కలే.

3-7-2025, గురువారం

అట్లాస్ వాళ్లు మొన్న పట్టిన ఇంకొక వస్తువు మన సూర్యుడి కుటుంబానిది కాదట. బయటి నుంచి వచ్చి బయటికే పోతోంది. 2017, 2019 తర్వాత ఇది మూడోది. క్యాంటీన్‌లో చెప్పాను. "గుద్దదుగా?" అన్నారు. గుద్దదన్నాను. వెళ్లి పెరుగన్నం తెచ్చుకున్నారు.

12-7-2025, శనివారం

అమ్మాయి వాళ్ల స్కూలు ఒక గ్రహశకలాల వేట కార్యక్రమంలో చేరింది. హవాయిలోని పాన్-స్టార్స్ టెలిస్కోపు తీసిన చిత్రాలు పిల్లలకు ఇస్తారు. ఒకే చోటువి నాలుగు, కొద్ది నిమిషాల ఎడంతో తీసినవి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ ఉంటే, నక్షత్రాలు కదలవు, కదిలే చుక్క ఏదైనా ఉంటే అదే. ల్యాప్‌టాప్ మా డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంది. బూడిద రంగు తెర, ఇసక చల్లినట్టు చుక్కలు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక మూల, ఉందో లేదో అన్నంత చుక్క, గంతు, గంతు, గంతు. మూడు గంతులూ ఒకే గీత మీద, సమానంగా. "ఆంటీ!" అన్న కేకకి పొయ్యి మీది పాలు పొంగిపోయాయి.

అది ముందే తెలిసిన గ్రహశకలమని సాఫ్ట్‌వేర్ చెప్పింది. ఆమె ముఖం వాడింది గానీ, కొలిచిన స్థానాలు పంపించమన్నాను. తెలిసినదాని దారి కూడా ఎవరో ఒకరు కొలుస్తూ ఉండాలి. ఫిబ్రవరిలో ఆ 3.1ని సున్నా చేసింది అలాంటి కొలతలే.

20-7-2025, ఆదివారం

గుంటూరు నుంచి అన్నయ్య ఫోను. వాళ్ల పేటలో స్కూల్లో ఆగస్టు 18కి ఒక బోర్డు పెడతారట. "ఏమే, నువ్వు ల్యాబులో దానివి, నాలుగు వాక్యాలు రాసిపెట్టు. పైన మాత్రం 'హీలియం జన్మస్థలం గుంటూరు' అని పెద్దక్షరాలు వేయిస్తున్నాం," అన్నాడు. అలా రాయకూడదన్నాను. "సొంత ఊరి గొప్ప చెప్పుకోవడానికి నీకేం కష్టం?" అని కోపం. రిటైరైన సోషల్ మాస్టారుతో వాదించి గెలవడం కష్టం. చూసి చెబుతానన్నాను.

1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం రోజున అమ్మ మమ్మల్నందరినీ గదిలో పెట్టి తలుపేసింది. అన్నయ్య తలుపు సందులోంచి చూడబోయి దెబ్బలు తిన్నాడు. ఆ రోజు సంపూర్ణ గ్రహణం పట్టిన దారిలోనే, హైదరాబాద్ దగ్గర, ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రజ్ఞులు పరికరాలు పెట్టుకుని పైకి చూస్తూ ఉన్నారు. గ్రహణాల మీద అన్నయ్యకు అంత మమకారం అప్పుడే పుట్టి ఉంటుంది.

27-7-2025, ఆదివారం

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం దారి సరిగ్గా మన జిల్లాల మీదుగా పోయింది. గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద పియర్ జాన్సెన్. ఆ ఊళ్లోనే ఇంగ్లీషువాళ్ల తరఫున మేజర్ టెన్నెంట్. మచిలీపట్నంలో పోగ్సన్. వనపర్తిలో మన రఘునాథాచారి బృందం. చీకటి అయిదు నిమిషాలకు పైగా ఉంది. గ్రహణానికి స్పెక్ట్రోస్కోపు పట్టుకెళ్లడం అప్పటికి కొత్త.

సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలేమిటన్నది ప్రశ్న. చీలికలోంచి చూస్తే వెలుగు గీతలు కనబడ్డాయి. అంటే జ్వాలలు మండే వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. అక్కడితో ఆ ప్రశ్న తీరింది. గీతల్లో ఒకటి పసుపు. టెన్నెంట్ దాన్ని సోడియం డి గీతగానే లెక్క వేశాడు. పోగ్సన్ డి దగ్గర ఉన్నట్టు రాసుకున్నాడు. ఆ చీకట్లో, ఆ తొందరలో, ఆ పరికరాలతో అంతకంటే చెప్పలేరు. ఇప్పుడు మనకు తెలిసిన హీలియం గీత 587.6 దగ్గర ఉంటుంది. సోడియం జంట 589.0, 589.6. మధ్య దూరం ఒకటిన్నర నానోమీటరు కూడా లేదు. నా ఏఏఎస్‌లో స్లిట్ 0.2 నానోమీటర్లకు పెడతాను, అక్కడైతే పొరపాటు పడే అవకాశమే లేదు. వాళ్లకు ఆ స్లిట్ లేదు, గుంటూరు ఆకాశం ఉంది.

జాన్సెన్ గొప్పతనం పసుపు గీతలో లేదు. గ్రహణం విడుస్తుండగా ఆయనకు తట్టింది: గీతలు ఇంత ప్రకాశంగా ఉంటే గ్రహణం ఎందుకు, మామూలు ఎండలో కూడా సూర్యుడి అంచున చీలిక నిలిపితే కనబడాలి కదా అని. మర్నాడు పొద్దున్నే పరికరం పెట్టి చూశాడు. కనబడ్డాయి. అంతవరకూ సూర్యుడి జ్వాలలు చూడాలంటే ఎప్పుడో, ఎక్కడో గ్రహణం పట్టాలి, ఓడలెక్కి పోవాలి, నాలుగు నిమిషాలు దొరకాలి, మబ్బు పట్టకూడదు. ఇక రోజూ చూడవచ్చు. ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ ఈ గ్రహణాన్ని చూడకుండానే, అక్టోబర్ 20న, అదే పద్ధతిని సొంతంగా పట్టాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. పసుపు గీత సోడియంది కాదని తీరిగ్గా కొలిచి తేల్చి, తర్వాత హీలియం అన్న పేరుకు కారణమైనవాడు లాక్యర్. భూమి మీద హీలియం దొరికింది 1895లో, లండన్‌లో విలియం రామ్సేకి, యురేనియం ఖనిజంలో.

కాబట్టి హీలియం గుంటూరులో పుట్టలేదు. గుంటూరులో పుట్టింది పద్ధతి. నన్నడిగితే పద్ధతే పెద్దది.

10-8-2025, ఆదివారం

ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బప్పు పుట్టినరోజు. 1927లో ఈ చెన్నైలోనే పుట్టాడు. ఆయన ఇంటిపేరు మనలి కల్లాట్. ఆ మనలి మలబారుది, మాది కాదు, అయినా చదివినప్పుడల్లా మా ఊరివాడే అనిపిస్తుంది. పెరిగింది మాత్రం హైదరాబాదులో. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో సహాయకుడు.

ఆ నిజామియా సంగతి మన తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసు? 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశ పటం పథకంలో, ప్రపంచంలోని అబ్జర్వేటరీలు తలా కొంత ఆకాశం పంచుకున్నాయి. బేగంపేటలోని నిజామియాకు దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కొక్క నక్షత్రం స్థానం కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా చుక్కలతో 12 సంపుటాలు వేశారు. కొలిచిన గుమాస్తాల పేర్లు ఎవరూ చెప్పరు. ఎప్పటి పనో, ఎవరికి కావాలి అనుకుంటాం. 2000లో వచ్చిన టైకో-2 జాబితాలో పాతిక లక్షల నక్షత్రాలు ఆకాశంలో ఏ వైపు, ఎంత వేగంగా జరుగుతున్నాయో లెక్క కట్టడానికి, ఉపగ్రహం కొలిచిన స్థానాల పక్కన పెట్టి చూసింది ఆ పాత పథకం స్థానాలనే. జరుగుడు తెలియాలంటే పాత ఫోటో ఉండాలి. మన దగ్గర ఉంది.

బప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లాడు. వెళ్లిన 1949లోనే ఒక తోకచుక్క పట్టాడు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి చెప్పినది నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే. చల్లటి నక్షత్రాల స్పెక్ట్రంలో కాల్షియం కె గీత నల్లగా ఉంటుంది, దాని నడుమ సన్నటి వెలుగు పాయ. ఆ పాయ ఎంత వెడల్పైతే నక్షత్రం అంత పెద్ద వెలుగుది. అసలు వెలుగు తెలిస్తే, మనకు కనబడే వెలుగుతో పోల్చి దూరం చెప్పవచ్చు. గీత వెడల్పు కొలిచి దూరం చెప్పడం! జవాది కొండల్లో కావలూరు వెతికి అబ్జర్వేటరీ నిలబెట్టింది కూడా ఆయనే. 1982లో పోయాడు, 2.34 మీటర్ల టెలిస్కోపు పూర్తయ్యేది చూడలేదు. 1988 ఫిబ్రవరి 17న అక్కడే రాజమోహన్ ఒక గ్రహశకలం పట్టాడు. పేరు రామానుజన్, సంఖ్య 4130. 1885లో పోగ్సన్ పట్టిన వెరా తర్వాత ఈ దేశం నుంచి దొరికినది అదే. మధ్యలో నూరేళ్లు పైనే ఖాళీ.

15-8-2025, శుక్రవారం

సెలవు. బోర్డుకు రాసి అన్నయ్యకు పంపాను:

"1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం సమయంలో ఈ ఊరి నుంచి పియర్ జాన్సెన్ సూర్యుడి జ్వాలల కాంతిని స్పెక్ట్రోస్కోపుతో పరీక్షించాడు. గ్రహణం లేని రోజున కూడా ఆ జ్వాలల్ని చూసే పద్ధతిని మర్నాడు, ఆగస్టు 19న, ఇక్కడే మొదటిసారి అమలు చేశాడు. ఆ గ్రహణంలో కనబడ్డ పసుపు గీత సోడియంది కాదని తర్వాత నార్మన్ లాక్యర్ ఇంగ్లండు నుంచి తేల్చాడు. ఆ గీత హీలియంది."

ఫోను చేసి, హీలియం చివరికి నెట్టేశావన్నాడు. అది ఉండాల్సిన చోటు అదేనన్నాను. "హెడ్మాస్టరు గారు ఊరుకోరే," అన్నాడు. ఊరుకోకపోతే పిల్లలకి ఒక డీవీడీ, రెండు బ్లేడు ముక్కలు ఇమ్మనండి, పసుపు గీతలు రెండూ విడివిడిగా కనబడితే అప్పుడు పెద్దక్షరాలు వేయించుకోండి అన్నాను.

18-8-2025, సోమవారం

బోర్డు పెట్టారు, ఫోటో వచ్చింది. 'జన్మస్థలం' లేదు. నా వాక్యాలు అలాగే ఉన్నాయి. తేదీ దగ్గర హెడ్మాస్టరు గారికి అనుమానం వచ్చిందట, 18 అని ఉండాల్సిన చోట 19 అని అచ్చుతప్పు పడిందేమోనని. అచ్చుతప్పు కాదని అన్నయ్యే చెప్పాడట. గ్రహణం 18న. గ్రహణం లేకుండా చూసింది 19న.